కొమ్ముల చప్పుడు

బత్తలపల్లెలో సంక్రాంతి పోయిన నాలుగో రోజు. ఊరి బయట వేపచెట్టు కట్టమీద మేం ముగ్గురం కూర్చున్నాం. ఒకరు మా పక్కింటి పెద్దాయన. ముప్పై ఏళ్లు తెలుగు అయ్యవారుగా పనిచేసి, ఇప్పుడు తాతలనాటి ఏడెకరాల మెట్ట చూసుకుంటున్నారు. రెండోవాడు ఆయన మేనల్లుడు. పదేళ్లుగా టెక్సాస్‌లో ఉద్యోగం, అయిదేళ్లుగా చేతిలో వేట లైసెన్సు. వినడానికి నేను.

వాదం ఒక చప్పుడుతో మొదలైంది. అల్లుడు కట్టకింద పడి ఉన్న రెండు ఎండు తుమ్మకొమ్మలు తీసుకుని ఒకదానితో ఒకటి తాటించాడు. తర్వాత వాటిని మెలిపెట్టి రాపాడించాడు. పడుకున్న ఊరకుక్క లేచి చెవులు నిక్కించింది. "ఈ చప్పుడు చేస్తే చాలు మామా, అక్కడ అడవిలో కొమ్ముల జింక మన దగ్గరికే నడిచొస్తుంది" అన్నాడు. పెద్దాయన ముఖంలో నవ్వు పోయింది. దీపాలు పెట్టే వేళదాకా సాగిన ఆ మాటలను, ఎవరి పక్షమూ తగ్గించకుండా ఇక్కడ రాస్తున్నాను.

మామ: ఏమప్పా, మళ్లీ చెప్పు. ఆ చప్పుడు దేనిది?

అల్లుడు: రెండు మగజింకలు కొమ్ములు కలిపి పోట్లాడుకునే చప్పుడు. అక్కడ వైట్‌టెయిల్ అంటారు, తెల్లతోక జింక. మన కృష్ణజింకకు కొమ్ము ఒకసారి మొలిస్తే చచ్చేదాకా ఉంటుంది. తెల్లతోక జింక కొమ్ము అట్ల కాదు. అది ఉత్త ఎముక. ఏటా మొలుస్తుంది, ఎదకాలం దాటినాక రాలిపోతుంది. అట్ల రాలిన కొమ్ముల జత ఏరుకొచ్చి, పొదచాటున కూర్చుని తాటిస్తాం. దాన్నే రాట్లింగ్ అంటారు. దక్షిణ టెక్సాస్ ముళ్లపొదల్లో ఇది బాగా పేరున్న విద్య.

మామ: మన చేలల్లో మంచెమీద కూర్చుని డబ్బా కొడతాం. ఎందుకు? జింక పారిపోవాలని. మీరు కొమ్ము కొడతారు, జింక రావాలని. తరిమేదానికి చప్పుడు చేసినోళ్లను చూసినా గానీ, చంపేదానికి చప్పుడు చేసినోళ్లను చూడలేదు.

అల్లుడు: చప్పుడు చేసినంత మాత్రాన వచ్చేయదు మామా. కాలం తెలియాలి, గాలి తెలియాలి. ఎద మొదలయ్యే ముందు మగవి ఒకదాన్నొకటి తూచుకుంటుంటాయి, ఊరికే కొమ్ములు తగిలించి చూసుకుంటాయి. అప్పుడు మెల్లగా తాటించాలి. ఎద ముదిరినాక పోట్లాట నిజమైంది. అప్పుడు గట్టిగా కొట్టాలి, కొమ్మలు విరవాలి, చెట్టు బెరడు గీకాలి, మడమతో నేల తొక్కాలి. రెండు జింకలు ప్రాణాలకు తెగించి పోట్లాడితే ఎట్ల ఉంటుందో అట్ల ఉండాలి. తెల్లవారుజాము చలి, గాలి ఆగిన పొద్దు దీనికి మంచిది.

మామ: జింక ఎందుకొస్తుంది? పోట్లాట వింటే ఏ జీవమైనా దూరం జరగాల కదా.

అల్లుడు: పొట్టేళ్ల పందెంలో తలలు తగిలిన చప్పుడు వింటే జనం ఎందుకు మూగుతారు? దీని సంగతి అంతకన్నా పెద్దది. రెండు మగవి పోట్లాడుతున్నాయంటే పక్కన ఎదకొచ్చిన ఆడది ఉన్నట్టు. అవి రెండూ కొమ్ములు పెనవేసుకుని ఉండగా మూడోది ఆడదాన్ని తోలుకుపోవచ్చు. లేదంటే, నా గడ్డమీదికి ఎవడొచ్చాడని చూడ్డానికి వస్తుంది. 1992 నుంచి 95 దాకా దక్షిణ టెక్సాస్‌లోని వెల్డర్ వన్యప్రాణి కేంద్రంలో మిక్కీ హెలిక్సన్ అనే పరిశోధకుడు దీన్నే పనిగా పెట్టుకుని చూశాడు. 171 సార్లు కొమ్ములు కొట్టించాడు. 111 మగజింకలు జవాబిచ్చాయి. మెల్లగా కొట్టినదానికంటే గట్టిగా కొట్టినదానికి దాదాపు మూడింతలు వచ్చాయి. కింద కొమ్ములు కొట్టేవాడొకడు, ఎత్తున గోపురంమీద చూసేవాడొకడు. కిందివాడికి కనబడకుండానే వచ్చి, గాలివాటు వైపు తిరిగి, వాసన పట్టి వెనక్కి పోయినవి పైవాడికి చాలా కనబడ్డాయి.

మామ: అంటే చాలాసార్లు జింకే గెలుస్తుంది.

అల్లుడు: అదే నేను చెప్పేది. అది అమాయకపు గొర్రె కాదు. వచ్చేటప్పుడు నేరుగా రాదు. గాలి ఎటు వీస్తుందో చూసుకుని, చప్పుడుకు అవతలికి చుట్టు తిరిగి, ముక్కుతో తేల్చుకుంటుంది. దాని చెవిని మోసం చేయొచ్చు, ముక్కును చేయలేం. ఎన్నో ఉదయాలు ఉత్తచేతులతో తిరిగొచ్చినా.

మామ: నువ్వు గెలిచావా, అది గెలిచిందా అని నేను అడగడంలేదు. నమ్మించి గొంతుకోయడం అనే మాట మన ఇళ్లల్లో దేనికి వాడతారో నీకు తెలుసు. దాడి చేసి చంపినవాణ్ణి క్రూరుడంటాం. పిలిచి చంపినవాణ్ణి అంతకంటే కిందికి దింపుతాం. రామాయణంలో మారీచుడు బంగారు లేడి వేషం వేశాడు, అది కంటికి మోసం. చచ్చేటప్పుడు రాముడి గొంతుతో అరిచాడు, అది చెవికి మోసం. మొదటిదానికి రాముడు లేచిపోయాడు, రెండోదానికి లక్ష్మణుడు కదిలాడు. ఆ అరుపు లేకపోతే సీత ఒంటరి అయ్యేదే కాదు. నువ్వు కొట్టే కొమ్ములు మారీచుడి గొంతు.

అల్లుడు: పులి పొదచాటున నక్కి కూర్చోవడం మోసం కాదా? గాలానికి ఎర కట్టడం మోసం కాదా? చెరువుకాడ చేపలు పట్టి తెస్తే నువ్వే పులుసు తిన్నావు.

మామ: తిన్నా. చేపకు ఆకలిని ఎర వేస్తాం. ఆకలిని ఎర వేయడం ఎంత పాతదో వేట అంత పాతది, ఒప్పుకుంటా. నువ్వు ఎర వేసేది ఆకలిని కాదు, ఎదను. మేతకోసం వచ్చిన జంతువుకు జాగ్రత్త ఉంటుంది. ఎదమీద ఉన్నది తిండి మరిచిపోతుంది, ఒళ్లు మరిచిపోతుంది. పాండురాజు కథ గుర్తుందా?

అల్లుడు: జింకల జంటను కొట్టి శాపం తెచ్చుకున్నది.

మామ: జింక రూపంలో ఉన్న కిందముడు అనే ముని. బాణం తగిలినాక ఆయన పాండురాజుతో వేట తప్పు అనలేదు. జింకను చంపడం రాజులకు ఉన్నదే అన్నాడు. జంటగా కూడి ఉన్న వేళ కాస్త ఆగలేకపోయావే అని నిలదీశాడు. మన పెద్దలు గీసిన గీత అక్కడుంది. ఆ గీత దాటినందుకు హస్తినాపురం రాజు సింహాసనం వదిలి అడవి పట్టాడు. మీ లైసెన్సు సరిగ్గా ఆ ఎదకాలానికే ఇచ్చినట్టుంది!

అల్లుడు: ఆ కాలానికే ఎందుకిస్తారో విను. తెల్లతోక జింక ఎక్కువగా వేసవి మొదట్లో ఈనుతుంది. నవంబరు వచ్చేసరికి పిల్లలు పాలు మరిచి, సొంతంగా మేస్తుంటాయి. అప్పుడు వేటకు తలుపు తెరిస్తే పాలపిల్ల అనాథ కాదు. ఎండాకాలంలో తలుపు తెరిచి ఉంటే ఒక తల్లిని కొట్టినప్పుడల్లా పొదలో ఇంకో ప్రాణం పోయేది. మగది ఒకటి పోయినా ఆ మందలో ఎద ఆగదు, ఇంకో మగది ఉంటుంది. నీ గీత కథలోది మామా. అక్కడి గీత పిల్లల లెక్క చూసి గీసింది.

మామ: (కాసేపు ఆగి) ఈ మాట బాగుంది. పాలపిల్ల సంగతి నేను తలచలేదు.

అల్లుడు: ఇంకొకటి. 1900 నాటికి అమెరికా అంతా కలిపి తెల్లతోక జింకలు మూడు నుంచి అయిదు లక్షలే మిగిలాయని అంచనా. మాంసం అంగళ్లకోసం, తోలుకోసం ఊచకోత కోశారు. ఆ అమ్మకాన్ని చట్టంతో ఆపారు. కాలం పెట్టారు, మనిషికి ఇన్ని అని హద్దు పెట్టారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకులమీద, తూటాలమీద వసూలయ్యే కేంద్ర పన్ను వన్యప్రాణులకే ఖర్చు పెట్టాలని రాశారు. ఇప్పుడు ఒక్క టెక్సాస్‌లోనే యాభై లక్షలకు పైగా ఉన్నాయి. తోడేళ్లను మనిషి ఎప్పుడో తుడిచేశాడు. పశువుల పుండ్లలో పడే పురుగు లేగజింకల బొడ్డులో పడి ఎన్నింటినో చంపేది. ఆ ఈగను కూడా అక్కడ నిర్మూలించారు. తినేవి తగ్గాయి, చంపే పురుగూ తగ్గింది. అట్లాంటప్పుడు మేత చాలక, మందలు ఎముకల గూళ్లయ్యి చస్తాయి. తూటాకు పోవడం దానికంటే నయం.

మామ: పురుగు పడిన ఆవు బాధ నాకు తెలుసు, అందుకే ఆ ఈగ పోయిందంటే సంతోషమే. జింకలు పెరిగాయి, తగ్గించాల, సరే. తగ్గించాలంటే ఆడవాటిని కొట్టాల. మందను పెంచేది ఆడది. కొమ్ములు కొట్టి పిలిచేది మగదాన్ని, అందులోనూ పెద్ద కొమ్ములదాన్ని. గోడకు తగిలించుకునే కొమ్ములకోసం వెళ్లి, మందను తగ్గిస్తున్నామంటే లెక్క కుదరదు అల్లుడూ.

అల్లుడు: (తల ఊపి) అది నిజం. అందుకే ఆడజింకకు వేరే ట్యాగులిస్తారు. నేను ఆడవాటినీ కొట్టినా. మాంసం పారేయలేదు. తిన్నంత తిని, మిగిలింది హంటర్స్ ఫర్ ది హంగ్రీ అని ఒక ఏర్పాటుంది, దాని ద్వారా ఆకలిగొన్నోళ్లకు ఇస్తారు. కానీ పెద్ద కొమ్ములంటే ఆశ లేదని నేనంటే అబద్ధం.

మామ: ఆ నిజం చెప్పినావు కాబట్టి మన సంగతీ నిజం చెప్తా. ఈ విద్య మీ టెక్సాస్‌లో పుట్టిందనుకుంటున్నావు కదా. మన తెలుగులో దీమం అని ఒక మాటుంది. దీమపు పిట్ట, దీమపు లేడి. అంటే సాటి జంతువును రప్పించేదానికి మచ్చిక చేసిన జంతువు. కౌజుపిట్టను పంజరంలో పెట్టి కూయించి, అడవి కౌజులను వలలో వేసేవాళ్లను నేను చిన్నప్పుడు చూసినా. ఇర్రిని, అంటే మగ కృష్ణజింకను, అదే తీరుగా పట్టేవాళ్లు. మచ్చికైన ఇర్రి కొమ్ములకు ఉచ్చో వలో చుట్టి అడవి మందలోకి వదిలేవాళ్లు. మందను ఏలే ఇర్రి, పరాయివాడొచ్చాడని తల వంచి వస్తుంది. కొమ్ములు తగిలిన మరుక్షణం ఉచ్చులో ఇరుక్కుంటుంది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనె అక్బరీలో జింకతో జింకను పట్టే ఈ వేట ఉంది.

అల్లుడు: అంటే రాట్లింగ్‌కు అన్న. అక్కడ ఉత్త కొమ్ములు, ఇక్కడ కొమ్ముల వెనక ప్రాణమున్న జింక.

మామ: అన్నే. గొప్పగా చెప్పుకోడానికి చెప్పలేదు. హద్దు లేని వేట ఏం చేసిందో చూడు. రాజులు, జమీందార్లు, దొరలు, ఆ తర్వాత జీపుల్లో తుపాకులతో వచ్చినోళ్లు. 1947లో దేశంలో కృష్ణజింకలు ఎనభై వేలని అంచనా. 1964కు ఎనిమిది వేలకు పడిపోయాయంటారు. పదిహేడేళ్లలో పదింట తొమ్మిది! జింక తగ్గితే దాన్ని తిని బతికే చీతాకు కూడు పోయింది. 1947లో మన దేశంలోని కొరియా అనే సంస్థానంలో మూడింటిని కాల్చినాక మన అడవుల్లో చీతాకు కాలం తీరింది. 1952లో లేదని ప్రకటించారు. మళ్లీ 2022లో నమీబియా నుంచి తెచ్చి కూనోలో వదలాల్సి వచ్చింది. ఎదను ఎర వేసే విద్యకు హద్దు ఉండదు అల్లుడూ, అది నా భయం.

అల్లుడు: హద్దు లేనిది విద్యకు కాదు, మనుషులకు. అప్పుడు లెక్క లేదు, కాలం లేదు, ఎవడెన్ని కొట్టాడో అడిగేవాడు లేడు. టెక్సాస్‌లో నేను జింకను కొట్టిన వెంటనే లైసెన్సుతో వచ్చిన ట్యాగు దానికి కట్టాల. కట్టకపోతే నేరం. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినోడు వేట పాఠం చదవకుండా వేటకు పోకూడదు. ఆ పాఠంలో కొమ్ముల చప్పుడు గురించి మొదట చెప్పేదేమో తెలుసా? చప్పుడు జింకనే కాదు, ఇంకో వేటగాణ్ణి కూడా రప్పిస్తుంది. పొదలో జింకలున్నాయనుకుని వాడు కాలుస్తాడు. అందుకే ప్రభుత్వ భూముల్లో వేటకు నారింజరంగు బట్ట వేసుకోవాల.

మామ: దశరథుడు! కుండలో నీళ్లు నిండే చప్పుడు విని, ఏనుగనుకుని బాణం వేశాడు. ముసలి తల్లిదండ్రుల కొడుకు పడిపోయాడు. చెవిని నమ్మి ఆయుధం వదలకూడదని మన కథ అప్పుడే చెప్పింది, మీ పాఠం ఇప్పుడు చెప్తోంది. ఇక్కడ మాత్రం ఇద్దరం ఒకటే.

అల్లుడు: ఇంకో విషయం చెప్తే నువ్వు నమ్మవు. మన కృష్ణజింక టెక్సాస్‌లో ఉంది.

మామ: జూలోనా?

అల్లుడు: కొండగడ్డల్లో, పశువుల కంచెల్లో. 1932 ప్రాంతంలో ఎడ్వర్డ్స్ పీఠభూమిలో వదిలారు. మన చుక్కల దుప్పిని కూడా ఆ కాలంలోనే తెచ్చారు. ఎర్రమన్ను లేదు గానీ, వాన తక్కువ, గడ్డి పొట్టి, ముళ్లపొదలు. అనంతపురం మెట్టలాగానే ఉంటుంది. వేల సంఖ్యలో పెరిగాయి. పరాయి జంతువు కాబట్టి దానికి వేట కాలమంటూ లేదు, ఏడాది పొడవునా కొట్టొచ్చు. డబ్బు కట్టి కొట్టేవాళ్లున్నారు కాబట్టే కంచెలవాళ్లు పెంచారు. పాకిస్తాన్‌లో కృష్ణజింక పూర్తిగా పోతే, 1970 ప్రాంతంలో లాల్ సుహాన్రా పార్కులో మళ్లీ పెంచేదానికి విత్తనం పోయింది టెక్సాస్ నుంచే.

మామ: (చాలాసేపు మాట్లాడలేదు) ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అది. ఇక్కడ దానిమీద చెయ్యి వేస్తే జైలు, అక్కడ రేటు కట్టి కాలుస్తారు. నువ్వు కొట్టినావా?

అల్లుడు: లేదు మామా. ఒక కంచెలో పిలిచారు, పోయినా. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగిన కొమ్ములు. నిలబడి చూసింది. నాకు ఉరవకొండ రోడ్డు గుర్తొచ్చింది. చిన్నప్పుడు బస్సులో పోతూ చూసిన మంద. తుపాకీ ఎత్తలేకపోయినా. తెల్లతోక జింక దగ్గర రాని బాధ అక్కడ ఎందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు.

మామ: అర్థమైంది నాకు. దానికీ నీకూ ఊరు ఒకటే.

అల్లుడు: ఉండొచ్చు. అయితే ఇప్పుడు నేనొకటి అడుగుతా, బాధపడొద్దు. నువ్వు జింకమీద ఇంత దయ చూపిస్తావు. ఉరవకొండ, వజ్రకరూరు వైపు రైతును అడిగినావా? శెనక్కాయ మొలక పైకి రాగానే రాత్రికి రాత్రి మంద దిగి కొరికేస్తే, ఆ రైతుకు దయ ఎవరు చూపిస్తారు? సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. ఒక్కసారి విత్తనం పోతే రెండోసారి వేసేదానికి పదును ఉండదు. చట్టం జింకను కాపాడింది. రైతును ఎవరు కాపాడారు?

మామ: ఇక్కడ నన్ను పట్టుకున్నావు.

అల్లుడు: పట్టుకోవాలని కాదు. వేట నేరమని అందరికీ తెలుసు. అందుకని జింకలు చావడంలేదా? చేనుచుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతున్నారు. దానికి కాలం లేదు, హద్దు లేదు, ఆడా మగా తేడా లేదు. పాలపిల్ల తల్లినీ చంపుతుంది. తెల్లారి చేనుకు నీళ్లు కట్టబోయిన మనిషినీ చంపుతుంది. నేను పొదలో కూర్చుని ఒక్కదాన్ని చూసి, వయసు అంచనా వేసి, ట్యాగు కట్టి తీసుకుపోయే వేటకంటే అది ఏ రకంగా మేలు? చూడకుండా చంపేది అది. చూసి చంపేది ఇది.

మామ: తీగ మేలు అని ఎవడంటాడు? కానీ రైతు తీగ లాగింది కసితో కాదు, దిక్కులేక. రోళ్లపాడు సంగతి తెలుసు కదా. కర్నూలు సీమలో బట్టమేక పక్షికోసం 1988లో అభయారణ్యం చేశారు. కాపలా వల్ల కృష్ణజింకలు పెరిగాయి, చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. అభయారణ్యమంటేనే రైతుకు మంట పుట్టింది. ఆ పక్షిని కాపాడాల్సింది ఆ రైతులే, వాళ్లే దూరమయ్యారు. ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడదు. జింకను కాపాడి రైతును వదిలేస్తే ఏమవుతుందో అక్కడే తెలిసింది. నీ మాట ఒప్పుకుంటా. దయ ఒక్కటే చాలదు, లెక్క కావాల.

అల్లుడు: మరి ఇక్కడ కూడా లెక్కగట్టి వేటకు అనుమతిస్తే తప్పేమి?

మామ: ఎవరు లెక్కగడతారు? మీకు లైసెన్సు చూసే వార్డెను ఉన్నాడు, ట్యాగు ఉంది, తొంభై ఏళ్లనాటి చట్టం ఇచ్చే డబ్బుంది. ఇక్కడ తలుపు వేలెడంత తెరిస్తే దాంట్లోంచి దూరేది శెనక్కాయ రైతు కాదు, జీపుల్లో వచ్చే షోకు వేటగాడు. 1964 లెక్క మళ్లీ చూడాల్సొస్తుంది. చంపకుండా తీసే దారి ఉంది కదా. 2025లో మధ్యప్రదేశ్‌లో షాజాపూర్ చేలల్లో ఏం చేశారు? గరాటులాగా తెరలు కట్టి, పైన హెలికాప్టరు తిప్పి, జింకలను మెల్లగా అందులోకి నడిపించి, లారీల్లో ఎక్కించి అడవికి చేర్చారు. బోమా అంటారంట, ఆఫ్రికా పద్ధతి. అదీ ఒక పిలుపే. పిలిచి చంపలేదు, పిలిచి చోటు చూపించారు.

అల్లుడు: ఖర్చుతో కూడిన పని. ప్రతి మండలానికీ హెలికాప్టరు రాదు.

మామ: రాదు. కానీ లెక్క రావచ్చు. ఏ ఊరిమీద ఎన్ని పడుతున్నాయి, ఏ నెలలో పడుతున్నాయి, ఎంత చేను పోయింది. ఆ మీ పరిశోధకుడు 171 సార్లు కొమ్ములు కొట్టి, వచ్చినవాటిని లెక్కపెట్టాడన్నావే, ఆయన చేతిలో ఆ చప్పుడు పాపం కాదు. తుపాకీ పక్కన లేని పిలుపును నేను తప్పు పట్టను.

అల్లుడు: పక్కన తుపాకీ ఉన్నా అన్నిసార్లూ పేల్చం మామా. కొమ్ములు కొట్టి, పెద్దది వచ్చి ఇరవై గజాల్లో నిలబడి ముక్కు ఎగరేసి చూస్తుంటే, వేలు ట్రిగ్గరుమీదికి పోని ఉదయాలు నాకూ ఉన్నాయి. చూసినదే గుర్తుంటుంది, కొట్టినది గుర్తుండదు.

మామ: అట్లయితే కొట్టడం ఎందుకు?

అల్లుడు: (నవ్వకుండా) ఇంట్లో ఫ్రిజ్ నింపేదానికి. అంగట్లో ప్లాస్టికులో చుట్టిన మాంసం కొంటే, ఆ జంతువు ఎట్ల బతికిందో, ఎట్ల చచ్చిందో నాకు తెలియదు. ఇది నా కళ్లముందు స్వేచ్ఛగా బతికి, ఒక్క క్షణంలో పోయింది. ఆ బరువు నేను మోస్తున్నా. నా మాటలో ఇది మాత్రం వెనక్కి తీసుకోను.

మామ: తీసుకోవద్దు. తినేవాడు చావును చూడాలన్న మాట నాకు నచ్చింది. నేనూ ఒక మాట వెనక్కి తీసుకోను. తిండికోసం పోయినప్పుడు మేత దారిలో కూర్చో, నీళ్లకాడ కూర్చో, ఓపిక పట్టు. అది దాని ఆకలితో వస్తుంది, నువ్వు నీ ఆకలితో కూర్చుంటావు. ఇద్దరిదీ ఒకటే న్యాయం. దాని ఎదను, దాని పౌరుషాన్ని దొంగిలించి దానిమీదే గురిపెట్టొద్దు.

అల్లుడు: కొమ్ముల చప్పుడు లేకుండా ఒక కాలం వేటాడి చూస్తా. ఫలానా కారణంవల్ల మానేశానని చెప్పలేను గానీ, చూస్తా.

పెద్దాయన లేచారు. అల్లుడు చేతిలోని తుమ్మకొమ్మలు తీసుకుని కట్టపక్కన పొయ్యిలోకి పనికొస్తాయని విడిగా పెట్టారు. చీకటి పడింది. దూరంగా ఏదో కందిచేను దగ్గర ఎవరో పందులు తరమడానికి డబ్బా కొడుతున్నారు. ముగ్గురం ఆ చప్పుడు వింటూ ఇంటిదారి పట్టాం.

నేను విన్నవాణ్ణి కాబట్టి నా తీర్పు కూడా చెప్పాలి. అల్లుడి మాటలో ఉన్న సత్యం లెక్క. ఎన్ని ఉన్నాయో తెలిసి, ఎన్ని తీయాలో తేల్చి, తీసినవాడు జవాబు చెప్పే చోట వేట ఒక కట్టుబాటులో ఉంటుంది. మామ మాటలో ఉన్న సత్యం గీత. లెక్క సరిపోయినంత మాత్రాన ప్రతి పద్ధతీ న్యాయమైపోదు. ప్రాణి తన ఒళ్లు మరిచే వేళను వాడుకోవడం, తుపాకీ ఎంత చట్టబద్ధమైనా, మనసులో ముల్లుగానే ఉంటుంది. దీమం వేట మన మెట్టలకు ఆ ముల్లు గుచ్చి చూపించింది. లెక్కా లేక, గీతా లేక ఎనభై వేలు ఎనిమిది వేలయ్యాయి.

మన మెట్టమీద ఇవాళ కావలసింది కొమ్ముల పిలుపూ కాదు, కరెంటు తీగా కాదు. ఊరూరా జింకల లెక్క, చేను పోయిన రైతు చేతికి ఆ పంటకాలంలోనే అందే పరిహారం, మందలు మరీ పెరిగినచోట వాటిని తరలించే ఏర్పాటు. ఈ మూడూ అడగడం రైతు హక్కు, అడవిశాఖ బాధ్యత. విదేశాల్లో వేట నేర్చుకుని సెలవుకు ఊరొచ్చే మన పిల్లలకు ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. చంపడమే కాదు, చంపాలని ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. దానికి శిక్ష మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్లదాకా జైలు. ఇర్రిని చూడాలంటే తెల్లవారుజామున చేనిగట్టుమీద కదలకుండా కూర్చోండి. ఏ చప్పుడూ చేయకుండా కూర్చున్నవాడికి అది దానంతటదే కనబడుతుంది.